బ్యాచి నెంబరు మా ఇంటిదాకా రావాలి: మాజీ సైనికుల వైద్య పథకం పెద్దలకు బహిరంగ లేఖ

రక్షణ మంత్రిత్వ శాఖలోని మాజీ సైనికుల సంక్షేమ విభాగం కార్యదర్శి గారికి,
మాజీ సైనికుల వైద్య పథకం (ఈసీహెచ్‌ఎస్) మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
భారత ఔషధ నియంత్రణాధికారి గారికి,

నమస్కారం.

ఆర్మీ మెడికల్ కోర్‌లో నర్సింగ్ అసిస్టెంటుగా 24 ఏళ్లు పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. మాది పశ్చిమ గోదావరి జిల్లా. తరతరాలుగా సైన్యంలో చేరుతున్న ఊరు మిలిటరీ మాధవరం ఉన్న ప్రాంతం కాబట్టి ఇక్కడ ఈసీహెచ్‌ఎస్ కార్డు లేని వీధి వెతికితే గానీ దొరకదు. ఈ ఉత్తరంలోని సంగతి మీద ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఒక వాక్యం వచ్చింది. సమాచార హక్కు కింద పెట్టిన మూడోదానికి ‘కోరిన వివరములు ఈ కార్యాలయమునందు ఆ రూపములో నిర్వహించబడుట లేదు’ అన్నారు. ఏ బ్యాచి మందు ఎవరికి ఇచ్చారో లెక్క రాయడం లేదన్న నా అనుమానం ఆ మూడో జవాబుతో నిజమైంది. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నేను అడిగింది ఇంతే: ఒకేసారి తయారైన ఒక మందు బ్యాచి చెడ్డదని తేలితే, ఆ బ్యాచి మాత్రలు మన పథకపు పాలీక్లినిక్ నుంచి ఏయే కార్డుదారుల ఇళ్లకు వెళ్లాయో మీరు చెప్పగలరా?

ఈ ప్రశ్న నాకు ఊరికే పుట్టలేదు. మా వీధి చివర ఒక సుబేదారు గారి భార్య ఉంటారు. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆమెకు బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. 2024 సెప్టెంబరులో ఒకరోజు పొద్దున్నే పేపరు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ప్రకటించిన మందుల జాబితా ఆ రోజు వార్త. యాభైకి పైగా మందుల బ్యాచిలున్నాయి అందులో. బీపీకి వేసుకునే టెల్మిసార్టన్, షుగరుకు వేసుకునే గ్లిమెపిరైడ్, జ్వరానికి వేసుకునే పారాసిటమాల్ కూడా ఉన్నాయి. మా వయసు వాళ్ల మందుల డబ్బా మూత తీస్తే కనిపించేవి అవే.

“అన్నయ్యగారూ, పేపర్లో పడిన మాత్ర, నా మాత్ర ఒకటేనా చూడండి” అంటూ పాలిథీన్ సంచి ముడి విప్పారు. లోపల నాలుగు ముక్కలున్నాయి. ఆరు మాత్రలది ఒకటి, పది మాత్రలది ఒకటి, ఏడేసి మాత్రలవి రెండు. నెలకు ముప్పై మాత్రలు, లెక్క సరిగ్గానే ఉంది. కానీ ఒక్క ముక్కకూ బ్యాచి నెంబరు అచ్చు వేసిన అంచు లేదు. ఒకదాని మీద మందు పేరే సగం తెగిపోయింది. కళ్లద్దాలు పెట్టుకుని, వెలుతురులోకి తీసుకెళ్లి, అటూ ఇటూ తిప్పి చూశాను.

“వేసుకోమంటారా, మానమంటారా?” అని అడిగారు ఆవిడ.

మానమంటే బీపీ పెరిగి పక్షవాతం రావచ్చు. వేసుకోమనడానికి నా చేతిలో ఏ ఆధారమూ లేదు. ఇరవై నాలుగేళ్లు మందులు పంచిన మనిషిని, నోట మాట రాలేదు. చివరికి బయట మందుల షాపులో పది మాత్రల అట్ట పూర్తిగా ఒకటి కొనిపించి పంపాను. ఆవిడ డబ్బుతోనే.

మర్నాడు పాలీక్లినిక్‌కు వెళ్లి అడిగాను. “మాకు పైనుంచి ఏ ఆర్డరూ రాలేదండీ” అన్నారు కౌంటరులో. ఆ అమ్మాయిని నేను తప్పుపట్టను. నిల్వ చాలనప్పుడు వచ్చిన సరుకును వందమందికి సర్దాలి. కత్తెర పట్టక ఆమె ఏం చేస్తుంది? అంచు ఎవరి ముక్కకు వస్తే వాళ్ల అదృష్టం. ఆమె వెనక అల్మారాలో ఆ జాబితాలోని మందు ఉందో లేదో ఆమెకూ తెలియదు.

ప్రమాణాలకు తగ్గట్టు లేదంటే విషమని కాదు. ఆ సంగతి నాకు తెలుసు. కరగాల్సిన వేళకు మాత్ర కరగకపోయినా ఆ జాబితాలో పడుతుంది. కొన్ని బ్యాచిలు తాము తయారుచేసినవే కావని, అవి నకిలీవని కంపెనీలు అప్పట్లో అన్నాయి కూడా. జనాన్ని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. చిన్న లోపమో పెద్ద లోపమో తెలుసుకోవాలన్నా ముందు ఆ మందు నా దగ్గర ఉందో లేదో నాకు తెలియాలి కదా.

ఈ పని సైన్యానికి చేతకాదని నాతో అనకండి. నేను చేశాను. 1990ల చివర ఒక మిలిటరీ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉండగా, ఫలానా బ్యాచి సెలైన్ సీసాలు వాడవద్దని సిగ్నల్ వచ్చింది. రాత్రి పదకొండు దాటింది. తెల్లారనివ్వలేదు. వార్డు మాస్టరు, నేను, ఇంకొక కుర్రాడు టార్చిలైట్లు పట్టుకుని వార్డు వార్డూ తిరిగాం. మంచాల పక్కన స్టాండుకు వేలాడుతున్న సీసాలతో సహా ప్రతిదాని లేబులు చదివాం. రెండు సీసాలను వెలుతురుకెత్తి తలకిందులు చేస్తే దూదిపింజ లాంటిది తేలుతూ కనిపించింది. నాలుగు గంటలకల్లా సరుకంతా లెక్కపెట్టి, పెట్టెల్లో పెట్టి, సీలువేసి, సంతకాలు చేశాం. ఎవరికి ఆ బ్యాచి ఎక్కిందో కేసు షీట్లు తిరగేసి రాసిపెట్టాం. అప్పుడు మా దగ్గర కంప్యూటరు కూడా లేదు.

అదే సైన్యంలో పనిచేసి బయటికొచ్చిన వాళ్ల కోసం 2003 ఏప్రిల్ 1న మొదలుపెట్టిన పథకం ఇది. ఇవాళ 60 లక్షల మందికి పైగా దీని మీద ఆధారపడి ఉన్నారు. ఇది మాకు ఎవరో చేస్తున్న ధర్మం కాదు. ఇప్పటి రేట్ల ప్రకారం హవల్దారు దాకా 30 వేలు, జేసీవోలు (నాయబ్ సుబేదారు నుంచి సుబేదారు మేజరు దాకా) 67 వేలు, అధికారులు లక్షా 20 వేలు రిటైరయ్యేటప్పుడు కట్టి చేరుతున్నారు.

ఇప్పుడు చట్టం సంగతి. మందులు వెనక్కి రప్పించడానికి మన దేశంలో 2012 నుంచి మార్గదర్శకాలున్నాయి. ప్రాణాపాయం తెచ్చే లోపమైతే 24 గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లో అమ్మకం, పంపిణీ ఆపాలని వాటిలో ఉంది. 2023 డిసెంబరులో సవరించిన షెడ్యూల్ ఎమ్ అనే మందుల తయారీ నిబంధనలు, మందును వెనక్కి తీసుకునే ఏర్పాటు కంపెనీకి ఉండి తీరాలన్నాయి. కాగితం మీద లోటేమీ లేదు. కానీ ఈ కాగితాలు కంపెనీతో మొదలై డిపో దగ్గరో, షాపు దగ్గరో ఆగిపోతాయి. అల్మారాలోని సరుకు వెనక్కి వెళ్తుంది. పాలిథీన్ సంచిలోని సరుకు ఎక్కడికీ వెళ్లదు.

ఇంకో లెక్క చూడండి. ప్రభుత్వ విశ్లేషకుడు నమూనా అందాక నివేదిక ఇవ్వడానికి నిబంధనల ప్రకారం 60 రోజుల గడువు ఉంది. పాలీక్లినిక్ మాకు ఇచ్చేది 30 రోజుల మందు. నివేదిక వచ్చేసరికి ఆ బ్యాచి మా ఒంట్లో పడి, ఇంకో నెల మందు కూడా అయిపోయి ఉండొచ్చు. కాబట్టి ‘సరుకు వెనక్కి తీసుకున్నాం’ అంటే మాకు చాలదు. ‘ఫలానా నెలలో ఈ బ్యాచి మీకు ఇచ్చాం, వచ్చి పరీక్ష చేయించుకోండి’ అని కబురు రావాలి.

దీనివల్ల మామూలు మనుషులకు ఏం జరుగుతుందో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

1. ముసలివాళ్ల చావు ఎవరికీ అనుమానం కలిగించదు. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగి పిల్లలు చనిపోయారు. ఇరవై మందికి పైగా. కోల్డ్రిఫ్ అనే ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విష రసాయనం 48.6 శాతం ఉందని అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వ పరీక్షలో తేలింది. ఉండదగిన పరిమితి 0.1 శాతం. నిన్నటిదాకా ఆడుకున్న పిల్లలకు వరసగా మూత్రం బందై, కిడ్నీలు చెడిపోతే డాక్టర్లకు అనుమానం వచ్చింది. అదే సిరప్ 74 ఏళ్ల షుగరు రోగి తాగి కిడ్నీలు పోగొట్టుకుంటే ఏమంటారు? “షుగరు కదండీ, వయసు కూడా అయిపోయింది” అంటారు. దినకర్మ భోజనాల దగ్గరే కథ ముగుస్తుంది. మా విషయంలో అనుమానించడానికి మనిషి ఉండడు, రికార్డే ఉండాలి. ఆ సమయంలో తెలంగాణ ఔషధ నియంత్రణ శాఖ ఎస్‌ఆర్-13 అని బ్యాచి పేరు చెప్పి మరీ ప్రజలను హెచ్చరించింది. సీసాకు లేబులు ఉంటుంది కనుక ఏ తల్లి అయినా చదివి పోల్చుకోగలదు. కత్తిరించిన అట్టతో మా వీధి చెల్లెమ్మ ఏం పోల్చుకుంటుంది?

2. కంటి చుక్కల గురించి. శుక్లాల ఆపరేషన్ అయినవాళ్లు, కళ్లు పొడిబారినవాళ్లు నెలల తరబడి చుక్కలు వేసుకుంటారు. తమిళనాడులో తయారై అమెరికా వెళ్లిన ఇలాంటి చుక్కల మందును 2023 ఫిబ్రవరిలో వెనక్కి రప్పించారు. మందులకు లొంగని సూడోమోనాస్ బ్యాక్టీరియా సోకి అక్కడి 18 రాష్ట్రాల్లో 81 మంది జబ్బుపడ్డారు, నలుగురు చనిపోయారు, 14 మందికి చూపు పోయింది, నలుగురికి కనుగుడ్డే తీసేయాల్సి వచ్చింది. ఆ కంపెనీ మందు మా పాలీక్లినిక్‌లో ఇస్తున్నారని నేను అనడం లేదు. వేలెడంత సీసాలో ఇంత ప్రమాదం ఉండగలదని మాత్రమే అంటున్నాను.

3. ఒంట్లో అమర్చినవాటి సంగతి మరీ అన్యాయం. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థకు చెందిన ఏఎస్‌ఆర్ తుంటి కీళ్లను 2010లో ప్రపంచమంతటా వెనక్కి తీసుకున్నారు. అనుకున్నదానికన్నా ఎక్కువమందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం కారణం. లోహం అరిగి కోబాల్టు, క్రోమియం రక్తంలో కలుస్తున్నాయని కూడా తేలింది. మన దేశంలో దాదాపు 4,700 ఆపరేషన్లలో వాటిని అమర్చారు. ఎనిమిదేళ్ల తర్వాత బయటపడిన నిపుణుల కమిటీ నివేదిక ప్రకారం 3,600 మంది ఆచూకీ లేదు. వాళ్ల ఒంట్లో ఏముందో వాళ్లకు చెప్పే దారే లేకపోయింది. ఇందులో మాజీ సైనికులు ఎందరో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ చిన్న మాట. రెఫరల్ మీద కార్పొరేట్ ఆసుపత్రిలో మాకు స్టెంటు వేస్తే, బిల్లు పాసవడానికి ఆ స్టెంటు కవరు, దాని మీది స్టిక్కరు జతచేయమంటారు. నెంబరు లేకపోతే రూపాయి కదలదు. అంటే నెంబరు రాయించడం మీకు తెలుసు. డబ్బు దగ్గర తెలుసు, మనిషి దగ్గరికి వచ్చేసరికి మరిచిపోతున్నారు. ఆ స్టిక్కరు బిల్లుతోపాటు వెళ్లిపోతుంది. గుండెలో స్టెంటు మోసేవాడి దగ్గర జిరాక్సు కాపీ కూడా మిగలదు.

4. భయంతో మందు మానేసేవాళ్లు ఉన్నారు. పేపర్లో వార్త వచ్చిన వారం మా వీధిలోనే ఇద్దరు షుగరు మాత్రలు ఆపేశారు. ఒకరు మళ్లీ మొదలుపెట్టారు. ఇంకొకాయన ఆకు పసరు తాగుతున్నాడు, చెప్పినా వినడు. ఏ బ్యాచి చెడ్డదో చెప్పకపోతే జనం మందు మొత్తాన్నే చెడ్డదనుకుంటారు.

5. జేబు ఖర్చు. నమ్మకం పోయినవాళ్లు బయట కొంటున్నారు. కుటుంబ పెన్షను మీద బతికే ఆడవాళ్లకు అది నెల బియ్యంతో పోటీపడే ఖర్చు.

పరాయి దేశపు గొప్పలు చెప్పడం నాకు పెద్దగా ఇష్టం ఉండదు. అయినా రెండు సంగతులు చెప్పక తప్పదు. 2009లో అమెరికాలో మర్‌ఫ్రీస్‌బరో, ఆగస్టా, మయామీ నగరాల్లోని మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఒంట్లోకి పంపి పరీక్షచేసే గొట్టాలు (ఎండోస్కోపులు) సరిగా శుభ్రం చేయలేదని బయటపడింది. సిగ్గుచేటైన తప్పు. కానీ పది వేల మందికి పైగా మాజీ సైనికులకు ‘మీకు ఎయిడ్స్, కామెర్ల వైరస్ పరీక్షలు అవసరం, వచ్చి చేయించుకోండి’ అని వాళ్ల ప్రభుత్వమే కబురుచేసింది. పేర్లున్నాయి, తేదీలున్నాయి కాబట్టి చేయగలిగింది. రెండోది మన గడపలోదే. 2018 ఆగస్టులో, హైదరాబాదుకు చెందిన హెటెరో ల్యాబ్స్ తయారుచేయగా కాంబర్ అనే సంస్థ అక్కడ అమ్మిన వల్సార్టన్ బీపీ మాత్రల్లో ఎన్‌డీఎంఏ అనే మలినం ఉందని, రోగుల చేతిలోని మాత్రల దాకా వెనక్కి పిలిచారు. మన తెలుగు నేల మీద తయారైన మాత్ర పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఎవరి ఇంట్లో ఉన్నా వెనక్కి పిలిచే పద్ధతి ఉన్నప్పుడు, పాలీక్లినిక్‌కు పాతిక కిలోమీటర్ల దూరంలోని నా ఇంటికి ఎందుకు లేదు?

మా కోరికలు ఇవి. కొత్త ఆసుపత్రులు అడగడం లేదు. ఉన్న కంప్యూటర్లో ఇంకో గడి అడుగుతున్నాం.

1. మందు ఇచ్చేటప్పుడు కార్డు నెంబరు పక్కన బ్యాచి నెంబరు, గడువు తేదీ ఎక్కించాలి. కార్డు పెడితే టోకెను వస్తున్న చోట, రెఫరల్ రాస్తే ఫోనుకు మెసేజి వస్తున్న చోట ఇది అసాధ్యం కాదు. కంప్యూటరు పనిచేయని పాలీక్లినిక్‌లో చీటీ మీద పెన్నుతో రాసినా చాలు.

2. అట్ట కత్తిరించడం ఆపాలి. ఆపలేకపోతే కత్తిరించిన ముక్కను బ్యాచి నెంబరు రాసిన కవర్లో పెట్టి ఇవ్వాలి. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్ల మీద క్యూఆర్ కోడ్ తప్పనిసరి చేశారు. కానీ మాకు వచ్చే జెనరిక్ మందుల్లో చాలావాటికి అది లేదు. ఉన్నా సగం కోడ్ కత్తెరకే పోతుంది. మాజీ సైనికుల కోసం కొనే ప్రతి మందుకూ కోడ్ ఉండాలని టెండరులోనే షరతు పెట్టండి. కొనేది మీరు, షరతు పెట్టే అధికారం మీదే.

3. ఔషధ నియంత్రణ సంస్థ నెలనెలా ఇచ్చే జాబితాను పాలీక్లినిక్ నిల్వతో ఎవరు, ఎన్ని గంటల్లో పోల్చి చూడాలో పేరుపెట్టి బాధ్యత అప్పగించాలి. ‘ఆర్డరు రాలేదు’ అనే మాట ఇక వినపడకూడదు. పోల్చి చూసిన తేదీ, సంతకం బోర్డు మీద తెలుగులో ఉండాలి. మన దగ్గర ఏదీ లేదని తేలితే ఆ ముక్కే రాయండి. సగం భయం అక్కడే పోతుంది.

4. ప్రాణాపాయం ఉన్న బ్యాచి అయితే 72 గంటల్లోపు ఆ మందు తీసుకున్న ప్రతి కార్డుదారుకు ఫోను చేయాలి. మెసేజి ఒక్కటే పంపి చేతులు దులుపుకోకండి. మా వీర నారీల్లో, అంటే పోయిన సైనికుల భార్యల్లో, చాలామందికి ఫోనులో పచ్చ బొత్తాం నొక్కడం తప్ప ఇంకేమీ తెలియదు. ఫోను అందకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా మనిషిని పంపాలి. పక్క ఊరి మాజీ సైనికుణ్ని అడిగినా వెళ్లి చెప్పి వస్తాడు, మా వాళ్లు సైకిలు వేసుకుని వెళ్తారు.

5. వెనక్కి ఇచ్చిన మాత్రలకు అప్పటికప్పుడే మారు మందు ఇవ్వాలి. నిల్వ లేకపోతే బయట కొన్న రసీదు మీద డబ్బు ఇవ్వాలి. ‘మళ్లీ డాక్టరుతో రాయించుకురండి’ అని పంపకూడదు. పాతిక కిలోమీటర్లు ఆటోలో, బస్సులో వచ్చిన 80 ఏళ్ల మనిషి అది.

6. స్టెంటు, కంటి లెన్సు, తుంటి, మోకాలి కీలు, పేస్‌మేకర్ అమర్చిన ప్రతివారికీ కంపెనీ, మోడల్, నెంబరు ఉన్న కార్డు డిశ్చార్జి రోజే చేతికివ్వాలి. పాత బిల్లుల్లోని స్టిక్కర్లు మీ దగ్గరే ఉన్నాయి. వాటి నుంచి పేర్ల పట్టిక తయారుచేయండి. ఇది కష్టమైన పని, నెలలు పడుతుంది. అయినా మొదలుపెట్టండి.

7. ఔషధ నియంత్రణాధికారి గారికి ప్రత్యేకంగా ఒక మనవి. నెలవారీ జాబితా వెబ్‌సైటులో పెట్టడంతో ఊరుకోకుండా, సైన్యపు మందుల డిపోలకు, ఈసీహెచ్‌ఎస్ ప్రాంతీయ కేంద్రాలకు అదే రోజు నేరుగా పంపే ఏర్పాటు చేయండి. ఏ బ్యాచిలో లోపం ఏమిటో మామూలు మనిషికి అర్థమయ్యే ఒక వాక్యం కూడా రాయండి. ‘డిసొల్యూషన్ పరీక్షలో విఫలం’ అంటే మా చెల్లెమ్మకు ఏం తెలుస్తుంది?

మొదటి మూడింటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. వాటిని 60 రోజుల్లో అమలుచేసి ఉత్తర్వు కాపీ ప్రతి పాలీక్లినిక్ గోడకు అంటించాలని కోరుతున్నాం. నమూనా పరీక్షకు విశ్లేషకుడికి ఇచ్చే గడువే మీకూ ఇస్తున్నాం. అప్పటికీ కదలిక లేకపోతే మా జిల్లాలోని మాజీ సైనికుల సంఘాలన్నీ కలిసి కాగితాలతో హైకోర్టుకు వెళ్తాయి. ఆ మాట పద్ధతిగా ముందే తెలియజేస్తున్నాను, బెదిరింపు అనుకోవద్దు.

ఆ రోజు ఆవిడ తెచ్చిన నాలుగు ముక్కల్నీ నేను పారేయలేదు. పాత రమ్ము సీసా పెట్టెలో దాచాను. తర్వాత మా వీధిలో వాళ్లు తెచ్చిచ్చినవి కూడా అందులోనే వేశాను. ఇప్పటికి నలభై ఒకటయ్యాయి. ఏ ముక్క ఏ బ్యాచిదో మీ రికార్డులు చూసి చెప్పడానికి ఎవరినైనా పంపితే పెట్టె తీసుకుని పాలీక్లినిక్‌కు వస్తాను. సోమవారం అయితే రద్దీ ఎక్కువ, మంగళవారం పెట్టుకుంటే మేలు.

భవదీయుడు,
ఒక మాజీ హవల్దారు, ఆర్మీ మెడికల్ కోర్
పశ్చిమ గోదావరి జిల్లా